కాదన్నవాడికీ అన్నం

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో మూడు మాటలు ఎప్పుడూ జంటగా, అంటే ముగ్గురు అక్కచెల్లెళ్ళలా, కలిసి వినిపిస్తాయి: ఆరాధన, వాక్యం, పరిచర్య. దేవుణ్ణి స్తుతించడం ఆరాధన. బైబిలు చదివి దాని అర్థం చెప్పడం వాక్యం. ఆకలితో ఉన్నవాడికి అన్నం, రోగికి మందు, పిల్లవాడికి చదువు అందించడం పరిచర్య. క్రైస్తవులు కాని పాఠకులకు కూడా ఇది కొత్త సంగతేమీ కాదు. గుళ్ళో పూజ, మంటపంలో పురాణ కాలక్షేపం, వెనకవైపు అన్నదానం జరుగుతుంటే చూసినవాళ్ళందరికీ ఈ మూడూ తెలిసినవే.

నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న ప్రశ్న ఏమిటంటే, ఈ మూడింటికీ మధ్య ఉన్న లెక్క ఏమిటి? అన్నం పెట్టేది వాక్యం వినిపించడానికా? వాక్యం వినడం అన్నానికి చెల్లించే వెలా? లేక దేని దారి దానిదేనా?

నా వృత్తి సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్. ఒప్పంద పత్రం చేతికి వస్తే మొదటి పేజీ వదిలేసి, చివర్లో చిన్న అక్షరాలతో ఉన్న షరతులు ముందు చదవడం నాకు అలవాటైపోయింది. మత సంస్థల సేవా కార్యక్రమాలు చూసినా నా కళ్ళు అక్కడికే పోతాయి. పైన పెద్ద అక్షరాలతో ‘ఉచితం’ అని ఉంది సరే, కింద ఏం రాశారు?

సింగపూర్లో ఈ ప్రశ్న నాకు కాగితం మీద ఎదురు కాలేదు. లిటిల్ ఇండియాలో గాయపడిన వలస కార్మికుల నష్టపరిహారం కాగితాలకు తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మాట సాయం చేయడానికి నేను అప్పుడప్పుడూ వెళ్తుంటాను. ఒకసారి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు కలిశాడు. పనిలో చెయ్యి నలిగింది. క్లెయిము తేలేదాకా అతని దగ్గర ఉండేది స్పెషల్ పాస్. దాంతో దేశంలో ఉండవచ్చు గానీ పని చెయ్యకూడదు. పని లేకపోతే జీతం లేదు, జీతం లేకపోతే తిండి లేదు. ఎక్కడ తింటున్నావు తమ్ముడూ అని అడిగితే, ఒక బృందం పేరు చెప్పాడు. ఏ బృందమో, ఏ మతమో ఇక్కడ అనవసరం. వాళ్ళు సాయంత్రం పూట భోజనం పెడతారు, పెట్టేముందు పది నిమిషాలు తమ దేవుడి గురించి చెబుతారు.

“నీకు ఇబ్బందిగా లేదా?” అన్నాను.

“అన్నం ఎడతన్నారు గదా బాబూ, పది నిముసాలు ఇంటే ఏటైపోద్ది?” అన్నాడు నవ్వుతూ. నాకూ నవ్వొచ్చింది. నిజమే, పెళ్ళికి పోతే భోజనాలకి ముందు మైకులో ఎన్ని ఉపన్యాసాలు వినం?

అతను కాసేపాగి మరో మాట అన్నాడు. “ఇననంటే రేపు ఎడతారో నేదో మరి.”

ఆ బృందం నిజంగా అలా చేసేదేనా? బహుశా చెయ్యరు. అతన్ని ఎవరూ బెదిరించలేదు, పేరు రాసుకోలేదు. వాళ్ళు మంచివాళ్ళేనని అతనే చెప్పాడు. కానీ ఆ అనుమానం అతని కంచంలో అన్నంతోపాటు ఉంది. పెట్టేవాడికి అది కనబడదు. తినేవాడికి మాత్రం ప్రతి ముద్దలోనూ తగులుతుంది. ఈ వ్యాసమంతా ఆ రెండో వాక్యం గురించే.

నాకు ఆ వాక్యం అంతగా తగలడానికి సొంత కారణం ఒకటుంది. మాది ఒంగోలు ప్రాంతం, మావాళ్ళు నాలుగైదు తరాలుగా బాప్టిస్టులు. చిన్నప్పుడు బళ్ళో ఎవరితోనైనా జగడం వస్తే, చివరి ఆయుధంగా బయటికి వచ్చే మాట ఒకటుండేది: “మీ తాతలు గంజి కోసం మతం మారారు.” దాని అర్థం పూర్తిగా తెలియని వయసులో కూడా, అది ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టేది. ఎందుకంటే మా ప్రాంతంలో మతం మారడానికీ కరువుకీ నిజంగానే సంబంధం ఉంది. ఆ సంబంధం ఎలాంటిదన్నదే అసలు ప్రశ్న.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876–78లో దక్షిణ భారతాన్ని మహా కరువు పట్టుకుంది. మద్రాసు ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, క్లౌ అందులో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన దగ్గరున్న బోధకులు, వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, అక్కడ మేస్త్రీలయ్యారు. ఎక్కడెక్కడి నుంచో వేలాదిమంది వచ్చి ఆ పనిలో చేరి ప్రాణాలు నిలుపుకున్నారు.

అప్పుడు క్లౌ చేసిన పని ఒకటి మా ప్రాంతంలో కూడా చాలామందికి తెలియదు. కరువు సాయం నడుస్తున్నంతకాలం, దాదాపు 15 నెలల పాటు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. మతం మార్చడమే వృత్తిగా సముద్రాలు దాటి వచ్చిన మనిషి, జనం వేలల్లో తన చుట్టూ ఉన్న సమయంలో, తలుపు మూసి కూర్చున్నాడు. కూలి డబ్బుల కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయి, ఇక ఇచ్చేందుకు ఏమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. అప్పుడు తలుపు తీశాడు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడి ఇచ్చారు.

2,222 అనే అంకె మిషనరీ చరిత్రల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. నా మటుకు ఆ అంకె కన్నా ముందటి 15 నెలల సున్నా పెద్దది.

ఇంతటితో గంజి మాటకు జవాబు దొరికినట్టేనా? సగమే దొరికింది. వాదించేవాడు ఊరుకోడు. “సాయం ఆగాక వచ్చారు సరే, ముందు సాయం అందింది కనకనే కదా వచ్చారు?” అంటాడు. అది నిజమే. ఆ కాలువ గట్టు మీద ప్రాణం నిలబెట్టిన మనిషి మీద నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం ఆయన దేవుడి దాకా నడిపించింది. దీన్ని దాచుకోవలసిన పని లేదు. పెళ్ళి దగ్గర్నుంచి పార్టీ దాకా మన నమ్మకాలన్నీ ఎవరో ఒకరు మనతో ఎలా మెలిగారన్న దాన్నిబట్టి ఏర్పడేవే. ఊళ్ళో తాకడానికి కూడా ఇష్టపడని మనిషి ఒకడు, పక్కన కూర్చుని పేరు పెట్టి పిలిచిన మనిషి ఇంకొకడు. రెండోవాడి దేవుడి గురించి వినాలనిపించడం తెలివితక్కువతనమా? ఆకలిగా ఉన్నవాడికి కడుపు తప్ప ఆలోచన ఉండదని అనుకోవడమే గంజి మాటలో ఉన్న అసలు అవమానం. పైగా ఆ మాట అనేవాళ్ళు మర్చిపోయేది ఇంకోటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఆ ఉత్తర్వు సవరించారు గానీ క్రైస్తవులకు సవరించలేదు. అంటే స్వతంత్ర భారతంలో మతం మారి ఆ సంగతి బాహాటంగా చెప్పుకున్నవాడికి గంజి దొరకడం మాట అటుంచి, ఉన్న కంచమే తీసేస్తారు.

కాబట్టి కృతజ్ఞతను తప్పుపట్టలేం. తప్పు పట్టవలసింది బేరాన్ని. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుంది?

మన గోదావరి జిల్లాలవాళ్ళకు డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పనక్కర్లేదు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, లంకల గన్నవరంలో తన ఇంటికి ఎవరు ఏ వేళప్పుడు వచ్చినా, కులం అడక్కుండా అన్నం పెట్టింది. ఆమె భక్తురాలు. ఆమెకు అన్నం పెట్టడమే పూజ. కానీ ఆ పూజలో భాగం పంచుకోమని తినేవాణ్ణి అడగలేదు. తిన్నవాడు దణ్ణం పెట్టినా, పెట్టకుండా పడవెక్కి వెళ్ళిపోయినా, మర్నాడు పొయ్యి వెలిగేది. క్లౌ, సీతమ్మ గారు ఇద్దరూ ఒకే కాలం మనుషులు, వేరు వేరు మతాలు, వేరు వేరు స్వభావాలు. ఒకరు మతం ఇవ్వడానికే వచ్చినవారు, మరొకరికి ఆ ఊసే లేదు. అయినా అవతలివాడి అవసరాన్ని తమ పనికి వాడుకోకపోవడంలో ఇద్దరూ ఒక్కటే.

దీన్నుంచి నేను తయారు చేసుకున్న పరీక్ష ఒకే ఒక్క ప్రశ్న. “నేను కాదంటే, రేపు కూడా అన్నం ఉంటుందా?” ఈ ప్రశ్నకు పెట్టేవాడు మనసులో ‘ఉంటుంది’ అనుకుంటే చాలదు. తినేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి, నమ్మకంగా తెలిసి ఉండాలి. శ్రీకాకుళం కుర్రాడికి తెలియలేదు. తెలిసేలా చెయ్యవలసిన బాధ్యత ఎప్పుడూ బలం ఉన్నవాడిదే. క్లౌ చేసింది అదే. ‘నా మనసు స్వచ్ఛం’ అని ఊరుకోకుండా, అందరికీ కనబడేలా తలుపు మూశాడు.

సింగపూర్ ఈ పరీక్షకు తగిన చోటు. అరచేయంత దేశం. ఒక వీధిలో మసీదు, దాని పక్కన మారియమ్మన్ గుడి, నాలుగడుగులు వేస్తే చైనీయుల గుడి. 1990లోనే మత సామరస్య పరిరక్షణ చట్టం చేసుకున్నారు. 2019లో దాన్ని సవరించారు. మతాల మధ్య ద్వేషం రేపేలా మాట్లాడితే ఎంత పెద్ద గురువునైనా ప్రభుత్వం నోరు మూయించగలదు. మరోవైపు ఈ దేశంలో ముసలివాళ్ళ ఆశ్రమాలు, ఆస్పత్రులు, బళ్ళు చాలావరకు మత సంస్థలు మొదలుపెట్టినవే. మౌంట్ అల్వెర్నియా ఆస్పత్రిని 1961లో ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు ప్రారంభించారు. వలస కార్మికులకు వైద్యం చేసే హెల్త్‌సర్వ్ సంస్థ 2006లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన డాక్టర్ గో వీ లియాంగ్ క్రైస్తవ విశ్వాసమే ప్రేరణగా ఆ పనికి దిగినవారు. అక్కడికి వెళ్ళే బంగ్లాదేశ్ ముస్లిం కార్మికుడికి రక్తపోటు చూస్తారు, మందిస్తారు. మతంతో సంబంధమే లేని టి.డబ్ల్యు.సి.2 అనే సంస్థ 2008 నుంచి కఫ్ రోడ్ ప్రాజెక్టు పేరుతో పని కోల్పోయిన కార్మికులకు లిటిల్ ఇండియాలో ఉచిత భోజనం పెడుతోంది. సిలాట్ రోడ్ గురుద్వారాలో లంగరు నడుస్తూనే ఉంటుంది. తల మీద గుడ్డ కప్పుకుని కింద కూర్చుంటే చాలు, నువ్వెవరని అడగరు.

అయితే అన్నం, మందు విషయంలో ఈ పరీక్ష నెగ్గడం కొంత తేలిక. అసలు కష్టం ఇంకా లోపల, గుడి గడప దగ్గర, ఆరాధన దగ్గర వస్తుంది. మనిషికి తిండి తర్వాత కావలసిన రెండో అన్నం, నలుగురిలో చోటు. ఆ చోటు ఏ షరతు మీద ఇస్తాం?

ఇక్కడ ‘లిబరల్ చర్చి’ అన్న మాటకు ఒక్క ముక్క చెప్పాలి. మన ఊళ్ళలో ఆ మాటను ‘భక్తి తక్కువ చర్చి’ అన్న అర్థంలో వాడేవాళ్ళున్నారు. నిజానికి అది వందేళ్ళు దాటిన సంప్రదాయం. బైబిలును చరిత్రతో, బుద్ధితో కలిపి చదవడం, రక్షణ అంటే చచ్చాక దొరికే స్వర్గం మాత్రమే కాకుండా బతికుండగా దొరకవలసిన న్యాయం కూడా అనడం దాని లక్షణాలు. అమెరికాలో దీనికి పెద్ద గొంతు వాల్టర్ రౌషెన్‌బుష్. న్యూయార్కు మురికివాడ పక్కన పదకొండేళ్ళు పాస్టరుగా పనిచేసి, 1907లో ‘క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్’ అనే పుస్తకం రాశాడు. ఆయన అక్క ఎమ్మా మన ప్రాంతానికి మిషనరీగా వచ్చి, 1894లో క్లౌను రెండో వివాహం చేసుకుంది. మాదిగల జీవితం గురించి 1899లో ఒక పుస్తకం రాసింది. క్లౌ ఆత్మకథను ఆయన పోయాక 1914లో వెలుగులోకి తెచ్చింది కూడా ఆమే. ఆ పుస్తకం పేరులోనే ‘సోషల్ క్రిస్టియానిటీ’ ఉంది. అంటే ఈ లిబరల్ గాలి ఎక్కడో పడమట పుట్టి ఇప్పుడు సింగపూరుకు వచ్చిందేమీ కాదు. మన గుండ్లకమ్మ గట్టు మీద కూడా ఒకప్పుడు వీచింది.

సింగపూర్లో ఆ దారిలో నడిచే సంఘాల్లో పేరున్నది ఫ్రీ కమ్యూనిటీ చర్చి. స్వలింగ ప్రేమికులైన క్రైస్తవులు తమలో తాము కలుసుకునే సేఫ్‌హేవెన్ అనే చిన్న బృందం నుంచి పెరిగి, 2003లో చర్చిగా రూపు దిద్దుకుంది. ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే నాలుగక్షరాలను ‘అందరూ సమానులని ముందు గ్రహించు’ అనే వాక్యానికి పొట్టి రూపంగా చెప్పుకుంటారు. అప్పటికి 377ఎ సెక్షను అమల్లో ఉంది. 1938లో బ్రిటిషువాళ్ళు పెట్టిన ఆ సెక్షను ప్రకారం మగవాళ్ళ మధ్య సంబంధం నేరం. దాన్ని సింగపూర్ పార్లమెంటు రద్దు చేసింది 2022 నవంబరులో. రద్దు అమల్లోకి వచ్చింది 2023 జనవరిలో. అంటే ఈ సంఘం దాదాపు ఇరవై ఏళ్ళు, తన సభ్యుల్లో కొందరిని నేరస్థులుగా చూసే చట్టం కింద పాటలు పాడుకుంది.

వీళ్ళకు అండగా నిలిచిన పెద్దమనిషి యాప్ కిమ్ హావ్. మలేషియా, సింగపూర్ మెథడిస్టు చర్చికి 1968లో ఎన్నికైన మొదటి ఆసియా బిషప్ ఆయన. 1973 నుంచి 1985 దాకా క్రిస్టియన్ కాన్ఫరెన్స్ ఆఫ్ ఆసియాకు ప్రధాన కార్యదర్శి. భార్యాబిడ్డలతో, గౌరవ మర్యాదలతో విశ్రాంతి తీసుకోవలసిన డెబ్బైల వయసులో, అయినవాళ్ళంతా కాదన్న ఈ చిన్న సంఘానికి సలహాదారుగా వచ్చి నిలబడ్డారు. ఇతర మతాలవాళ్ళతో కూర్చుని మాట్లాడటం ఆయనకు జీవితాంతం ఉన్న అలవాటు. 2017లో 88వ ఏట పోయారు.

ఆఫీసులో నాతో పనిచేసే ఒక చైనీస్ మిత్రుడు రమ్మంటే ఒక ఆదివారం ఆ చర్చికి వెళ్ళాను. కామన్వెల్త్ స్టేషన్ దగ్గర ఒక పారిశ్రామిక భవనంలో ఉంది. సరుకులు మోసే లిఫ్టులు, పొడుగాటి వరండాలు, మధ్యలో ఒక గదిలో దేవుడి పాటలు. గోపురం లేదు, గంట లేదు. మాకు ఒంగోలులో జ్యూయెట్ మెమోరియల్ చర్చి లాంటి రాతి గోడల మధ్య మోకరించి అలవాటు కనక, మొదట్లో క్లయింటు ఆఫీసులో ట్రైనింగుకి వచ్చినట్టు అనిపించింది. పాటలు మొదలయ్యాక ఆ తేడా పోయింది. ప్రసంగం చేసినవారు జవాబుల కన్నా ప్రశ్నలు ఎక్కువ చెప్పారు. వాక్యం వినేవాడు కూడా ఆలోచించగలడని నమ్మి మాట్లాడే పద్ధతి అది. తర్వాత ప్రభువు బల్ల. మా ఊళ్ళో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే బల్ల. తగాదాలో ఉన్నవాళ్ళు, సంఘం క్రమశిక్షణ కింద ఉన్నవాళ్ళు కూర్చుని చూస్తుంటారు. ఇక్కడ రావాలనుకున్న ఎవరైనా రావచ్చన్నారు. నా మిత్రుడు వెళ్ళాడు. వాళ్ళమ్మ వెళ్ళే చర్చిలో అతను ఆ రొట్టె ముట్టుకుని చాలా ఏళ్ళయింది. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు అతని ముఖం చూశాక, అర్హత గురించి నాకు తెలిసిన సిద్ధాంతాలన్నీ ఒక్క నిమిషం పక్కన పెట్టవలసి వచ్చింది.

క్లౌ తలుపు మూశాడు, వీళ్ళు తలుపు తీశారు. రెండూ ఒకటే ఎలా అవుతాయని మీరు అడగవచ్చు. మూసిన తలుపు వెనక ఉన్న మాట: ‘నీ ఆకలిని నీ మీద ప్రయోగించను.’ తీసిన తలుపు వెనక ఉన్న మాట: ‘నీ ఒంటరితనాన్ని నీ మీద ప్రయోగించను.’ కరువులో బాప్తిస్మం చవకైన ఎర అయ్యేది కనక దాన్ని దాచాడాయన. వెలివేతలో బల్ల దగ్గర చోటు అలాంటి ఎరే అవుతుంది కనక, ‘ముందు నువ్వు మారు, తర్వాత చోటిస్తాం’ అనకుండా ముందే ఇచ్చేశారు వీళ్ళు.

ఇంకో పోలిక కూడా ఉంది. క్లౌ ఒంగోలు వచ్చిన కొత్తలో పై కులాలవాళ్ళు కొందరు ఆయన బడికి, ఆయన మాటకు దగ్గరయ్యారు. మాదిగలు చేరడం మొదలయ్యాక, వాళ్ళను రానిస్తే మేం ఉండమన్నారు. తాళ్ళకొండపాడు నుంచి వచ్చిన యర్రగుంట్ల పేరయ్య లాంటి తోలు వ్యాపారిని చేర్చుకుంటే పరువైనవాళ్ళు పోతారని తెలిసే, క్లౌ దంపతులు పేరయ్య పక్కన నిలబడ్డారు. యాప్ కిమ్ హావ్‌కు కూడా తెలుసు, ఆ చిన్న గది వైపు నడిస్తే పెద్ద చర్చిల్లో ఎన్ని తలుపులు మూసుకుంటాయో.

ఇక్కడ నా చిరకాల మిత్రుడొకాయన అభ్యంతరం చెప్పాలి. ఆయన భక్తిపరుడు, సనాతన విశ్వాసి, నాకన్నా ఎక్కువ దానధర్మాలు చేసేవాడు. “ఒకడికి మధుమేహం ఉందని డాక్టరుకి తెలుసు. బాధపడతాడని చెప్పకుండా, మిఠాయి పెట్టి నవ్వించి పంపితే అది ప్రేమా? నాకు సత్యం తెలుసని నేను నమ్ముతున్నాను. నమ్మీ చెప్పకపోతే అది పిసినారితనం” అంటాడు. ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేసే లిబరల్ మిత్రుల్ని చూశాను. అది నిజాయితీ కాదు. సత్యం మీద నమ్మకం ఉన్నవాడు నోరు మూసుకోవాలనడం, వాణ్ణి వాడి ప్రేమలో సగం దాచుకోమనడమే.

నా జవాబు ఇది. చెప్పు. తప్పకుండా చెప్పు. కానీ డాక్టరు జబ్బు గురించి చెప్పాక, రోగి “నేను నమ్మను” అంటే ఏమవుతుంది? మంచి డాక్టరు మర్నాడు కూడా అతన్ని చూస్తాడు. ‘నా మాట వింటేనే కట్టు కడతా’ అనడు. వాక్యం చెప్పే హక్కు నీకుంటే, దాన్ని కాదనే హక్కు వినేవాడికి అంతే గట్టిగా ఉండాలి. ఆకలితో ఉన్నవాడికి, ఒంటరివాడికి, బిడ్డ మంచాన పడి ఉన్న తల్లికి ఆ కాదనే శక్తి తక్కువగా ఉంటుంది. అలాంటి సమయంలో ముందు శక్తినివ్వు, తర్వాత వాక్యమివ్వు. శ్రీకాకుళం కుర్రాడి చెయ్యి నయమై, క్లెయిము డబ్బు చేతికొచ్చి, విమానం టిక్కెట్టు జేబులో ఉన్నప్పుడు అతను ఏ దేవుడి మాటైనా వింటే, అది అతను వినడం. అప్పుడు అతను ‘సరే’ అన్నా దానికి విలువ ఉంటుంది, ‘వద్దు’ అన్నా విలువ ఉంటుంది. వద్దనలేనివాడు చెప్పిన సరేకి దేవుడి దగ్గర మాత్రం ఏం విలువ? మిత్రుడు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. “సమయం మిగలకపోతే?” అన్నాడు. చావు దగ్గరున్నవాడి సంగతి అది. అక్కడ నా దగ్గర చక్కటి సూత్రమేమీ లేదు. అడిగితే చెప్పు, అడక్కపోతే చెయ్యి పట్టుకుని కూర్చో, అంతవరకే నాకు తోచింది.

ఇదే పరీక్ష లిబరల్ సంఘానికి కూడా పెట్టాలి కదా. పెట్టాలి. వాళ్ళకది ఇంకా కఠినమైన పరీక్ష. నా ఆఫీసు మిత్రుడి తల్లి ఒక ఆదివారం ఆ గదిలోకి వచ్చిందనుకుందాం. కొడుకు దారి పాపమని ఆమె మనస్ఫూర్తిగా నమ్ముతుంది, రాత్రిళ్ళు ఏడుస్తూ ప్రార్థిస్తుంది. ఆమె నమ్మకం మార్చుకోకుండానే ఆమెకు ఒక కుర్చీ ఉందా? బల్ల దగ్గర చోటు ఉందా? ‘మేం అందర్నీ స్వీకరిస్తాం’ అనేవాళ్ళు, స్వీకరించనివాళ్ళను స్వీకరించగలరా? ఆమెకు మైకు ఇచ్చి కొడుకును కించపరచనివ్వమని నేననడం లేదు. ఇంట్లో పెద్దలతో విభేదిస్తూనే వాళ్ళకు కంచం పెట్టినట్టు, ఆమెకూ పెట్టాలంటున్నాను. ఉదారత అనేది మనకు నచ్చినవాళ్ళకే పరిమితమైతే, దాని పేరు ఉదారత కాదు, అభిరుచి.

సేవ విషయంలో లిబరల్ మనసుకు మరో జబ్బు కూడా పట్టుకోవచ్చు. మతం మార్చమనడు గానీ, ఫొటో అడుగుతాడు. వాక్యం వినమనడు గానీ, కథ చెప్పమంటాడు: ‘నీ కష్టాలు మా వార్షిక సభలో చెప్తావా?’ అది కూడా వెలే. ఇందులో మతాల తేడా ఏమీ లేదు. మనం, అంటే ప్రవాస తెలుగువాళ్ళం, ఊరికి బడి గది కట్టిస్తే ముందు శిలాఫలకం కొలతలు మాట్లాడుకుంటాం. స్కాలర్‌షిప్పు తీసుకునే పిల్లను వేదిక మీద నిలబెట్టి, ఆమె తండ్రి తాగుడు గురించి మైకులో వింటూ కళ్ళు తుడుచుకుంటాం. ఆ పిల్ల ‘నేను వేదిక ఎక్కను’ అంటే, వచ్చే ఏడు ఫీజు కడతామా? కడతామని ఆమెకు తెలుసా? ఒక్కసారి మన సంఘాల కమిటీ సమావేశంలో ఈ ప్రశ్న వేసి చూడండి.

మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు నాకు తోచిన జవాబు చెప్తాను. ఆరాధన మనిషిని వంచుతుంది. తనకన్నా పెద్దది ఒకటుందని తెలిసినవాడు అన్నం పెట్టేటప్పుడు తనే దేవుణ్ణని అనుకోడు. వాక్యం మనిషిని ప్రశ్నిస్తుంది. వినేవాణ్ణే కాదు, చెప్పేవాణ్ణి ఇంకా ఎక్కువ ప్రశ్నిస్తుంది. పరిచర్య ఆ రెండూ నిజమో కాదో తేల్చే లెక్కల పుస్తకం. దేన్నీ దేనికీ ఎర చెయ్యనంతవరకు మూడూ కలిసి ఉండవచ్చు. ఎర చేసిన రోజున మూడూ చెడతాయి: ఆరాధన గుంపు లెక్క అవుతుంది, వాక్యం ప్రకటన అవుతుంది, పరిచర్య పెట్టుబడి అవుతుంది.

మతం ఉన్నవాళ్ళకైనా లేనివాళ్ళకైనా ఈ లెక్క ఒకటే. ఏ సంఘం ఎంత మంచిదో తెలుసుకోవాలంటే అక్కడ అవునన్నవాళ్ళను లెక్కపెట్టి లాభం లేదు. కాదని చెప్పి కూడా, మర్నాడు నిర్భయంగా వచ్చి అదే పంక్తిలో కూర్చోగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడాలి.